మూడో గదిలో చుట్టం

జూన్ 3

ఒరేయ్ భూతద్దం,

ఇక్కడ మేం క్షేమం అని రాస్తే నువ్వు నమ్మవు. క్షేమం కాదని రాస్తే మీ అక్క ఊరుకోదు. కాబట్టి ఆ వాక్యం ఖాళీగా వదిలేస్తున్నాను, నువ్వే పూరించుకో. ప్రెస్సులో ఊరందరి తప్పులూ దిద్దేవాడివి, బావ ఉత్తరం ఒక లెక్కా?

రోడ్డు సంగతి పేపర్లో చూసే ఉంటావు. పెద్ద మలుపు దగ్గర సగం కొండ జారి కింద పడింది. దాంతోపాటు ఫోను స్తంభాలు కూడా లోయలోకి పోయాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం. పోస్టుమాన్ ఒక్కడు సంచీ మెడకేసుకుని ఆ జారుడు మీంచే నడిచొస్తున్నాడు. అందుకే ఇన్నేళ్ళకి మళ్ళీ కలం పట్టాను. అక్షరాలు వంకరపోయాయని వెక్కిరించకు.

అసలు విషయానికొస్తాను. ఈ రోడ్డు మళ్ళీ వేయాలా, ఇంతటితో మూసేయాలా అని తేల్చడానికి శాసనసభ్యులతో ఒక కమిటీ వేశారట. జలపాతం చూడ్డానికి జనం రావడం వల్ల ఇక్కడి కొట్లూ పనులూ ఎలా బతుకుతున్నాయో ఎవరైనా వచ్చి సాక్ష్యం చెప్పాలట. సాక్ష్యం అనగానే మీ అక్క గరిటె పట్టుకుని బయటికొచ్చి “ఎవర్ని పొడిచారండీ?” అంది. వీధి వాళ్ళంతా మన లాడ్జీ హాల్లో కూర్చుని, అందరికంటే పాత లాడ్జీ నాదే కాబట్టి నేనే వెళ్ళాలన్నారు. నా బావమరిది రాజధానిలోనే ఉన్నాడు, రాసేదీ వాడే, చదివేదీ వాడే అని చెప్పేశాను. నాకు కొండ దిగే ఓపిక లేదురా. మోకాళ్ళనుకో, బద్ధకమనుకో, నీ ఇష్టం.

ఒక్క మాట మాత్రం మార్చొద్దు. వాళ్ళని పర్యాటకులనీ టూరిస్టులనీ రాయకు. మా నాన్న ఆ మాటల్ని గుమ్మం లోపలికి రానివ్వలేదు. లాడ్జీలో దిగినవాడు చుట్టం, అంతే. ఇప్పటికీ మా వీధిలో ఎవరెదురైనా “చుట్టాలు ఎంతమంది దిగారు?” అనే అడుగుతారు. ఇప్పుడు మాత్రం ఆ మాట ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. రోడ్డు రాకపోతే వచ్చే ఏడాదికి ఈ వీధిలో దీపం వెలగదు. అది గుర్తు పెట్టుకుని రాయి.

జూలై పద్దెనిమిదిన పిలుస్తారట. నువ్వెప్పుడొస్తావని మీ అక్క అడుగుతోంది. నువ్వెప్పుడూ చుట్టపుచూపుగా వచ్చి, చొక్కా మడత నలగకుండా వెళ్ళిపోతావని ఆవిడ ఫిర్యాదు.

ఇట్లు,
మీ అక్కని ఇంతకాలంగా భరిస్తున్న త్యాగమూర్తి,
నీ బావ


జూన్ 11

బావా,

నువ్వు వదిలేసిన ఖాళీని నేను పూరించను. ఉన్నదాన్ని దిద్దడమే నా పని, లేనిది కల్పించడం రచయితల పని. అయినా మా అక్క చేతి తిండి తింటూ క్షేమంగా లేకపోవడానికి నీకేం వచ్చింది?

నన్ను అడక్కుండా నా పేరు చెప్పేసినందుకు నీతో నాలుగు రోజులు మాట్లాడకూడదనుకున్నాను. ఫోను లేదు కాబట్టి ఎలాగూ మాట్లాడలేదు. నిజం చెప్పనా? భయంగా ఉంది. నేను జీవితంలో నలుగురి ముందు నోరు విప్పింది నీ పెళ్ళిలో, అదీ నీ చెప్పులు దాచింది నేనేనని ఒప్పుకోవడానికి.

మా పెద్ద ప్రూఫ్ రీడరుగారు నేను చేరిన కొత్తలో చెప్పిన మాట నీకు ఎప్పుడైనా చెప్పానా? “అర్థం చూడకురా అబ్బాయ్. అర్థంలో పడ్డావంటే కన్ను తప్పు మీంచి జారిపోతుంది. అక్షరం తర్వాత అక్షరం చూడు.” అదే అలవాటైపోయింది. పోయిన నెల ఒక సంతాప ప్రకటన ప్రూఫు చదివి, ఒక దీర్ఘం సరిచేసి, సంతకం పెట్టి, టీ తాగడానికి వెళ్ళాను. అక్కడ కంపోజరు కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఏమైందయ్యా అంటే “మన పాత ఓనరుగారు పోయార్ట కదా, ఇప్పుడే మీరు చదివారుగా” అన్నాడు. అలాంటివాణ్ని సాక్ష్యానికి పంపుతున్నావు, ఆలోచించుకో.

కమిటీ ఆఫీసుకి వెళ్ళొచ్చాను. అక్కడ గుమాస్తా ఒకావిడ మంచిది. “కన్నీళ్ళు వద్దండీ, అందరూ అవే తెస్తున్నారు. ఉదాహరణలు తీసుకురండి” అంది. ఒక్క చుట్టం దిగితే ఆ రోజు ఎవరెవరికి పని దొరుకుతుందో వివరంగా రాసి పంపు. ఇంకో మాట కూడా చెప్పింది. రోడ్డు తెగాక కూడా ఎవరైనా వచ్చి ఉంటున్నారని చూపించగలిగితే కమిటీ వాళ్ళు కదులుతారట. అలాంటివాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?

నువ్వు ఎందుకు తప్పించుకుంటున్నావో నాకు తెలుసులే. కోటు తొడుక్కోవాల్సొస్తుందని.

నీ చెప్పుల దొంగ,
భూతద్దం


జూన్ 20

భూతద్దం,

రాసుకో. చుట్టం బస్సు దిగుతాడు. జీపు పెద్దాయన సామాను లాక్కుని, అడక్కుండానే ఎక్కించుకుని తెస్తాడు. ఇక్కడ దుప్పట్లాయన ఉతికి ఆరేసిన దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. లేచి, జలపాతం మెట్లు చూసి గుండె జారి, కర్రలాయన దగ్గర చేతికర్ర కొంటాడు. తడిసి వణుక్కుంటూ వచ్చి టోపీలామె దగ్గర ఉన్ని టోపీ కొంటాడు. ఆ ఉన్ని వడికేది వాళ్ళ అత్త. అత్తాకోడళ్ళకి మాటల్లేవు, ఆ ఉన్ని ఉండ ఒక్కటే ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతుంది. చుట్టాలు రాకపోతే అదీ ఆగిపోతుంది.

ఇప్పుడెలా ఉందో కూడా రాసుకో. కర్రలాయన చెక్కిన కర్రలు పొయ్యిలో పెట్టుకుంటున్నాడు. దుప్పట్లాయన ఉతికిన దుప్పట్లే తీసుకెళ్ళి మళ్ళీ ఉతుకుతున్నాడు. ఎందుకయ్యా అంటే, “చేతులు ఊరుకోవడం లేదండీ” అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు.

రోడ్డు తెగాక ఎవరైనా ఉన్నారా అని అడిగావు. ఒకడున్నాడు. మూడో గదిలో దిగాడు. అదే, కింద వసారా పక్క గది. మెట్లెక్కే పని లేదని నేనే అక్కడ పెట్టాను. ఎప్పుడొచ్చాడో సరిగ్గా చెప్పలేను. రోడ్డు తెగడానికి ముందే వచ్చినట్టున్నాడు, మేం గమనించింది మాత్రం తర్వాతే. చెప్పకుండా వచ్చాడు, సామానేమీ లేదు. నేను తినాల్సింది వాడు తినేస్తున్నాడు. తాను నిద్రపోడు, నన్ను పోనివ్వడు. మీ అక్కకి వాడంటే అస్సలు పడదు. ఆస్పత్రి కాంపౌండరు వచ్చి చూసి, “ఇతను తేలిగ్గా కదిలే రకం కాదు, పట్నం తీసుకెళ్ళి పెద్ద డాక్టర్లకి అప్పజెప్పాల్సిందే” అన్నాడు. తీసుకెళ్ళడానికి రోడ్డేదయ్యా అన్నాను.

వాణ్ని నువ్వొకసారి వచ్చి చూస్తే బావుంటుంది. తొందరేం లేదు. అంటే, మరీ ఆలస్యం చేయకు.

ఇట్లు,
అతిథి మర్యాదల్లో మునిగిన,
బావ


జూన్ 28

బావా, బావా, బావా!

నువ్వు బంగారానివి. ఇంత పెద్ద విషయాన్ని ఉత్తరం చివర్లో తోకలా తగిలిస్తావా? రోడ్డు లేదు, ఫోను లేదు, అయినా ఒక మనిషి మీ లాడ్జీని వదిలి వెళ్ళనంటున్నాడు! గుమాస్తావిడకి చెబితే కుర్చీలోంచి లేచింది. “ఇదేనండీ కావాల్సింది, దీన్నే ముందు పెట్టండి” అంది.

పట్నం డాక్టర్లకి అప్పజెప్పమనడం ఏమిటి, పిచ్చివాడా ఏమిటి? కవి అయ్యుంటాడు. సామాను లేదంటే కవే. ఏ రోజు దిగాడో కూడా తెలీదంటున్నావు, నీ రిజిస్టరు సంగతి నాకు కొత్తా? ఇదిగో, ఇలా రాశాను, చూడు:

“రోడ్డు తెగిపోయిన తరువాత కూడా మా లాడ్జీ మూడో గదిలో ఒక చుట్టం వారాల తరబడి బస చేస్తున్నాడు. ఎంత చెప్పినా ఖాళీ చేయడం లేదు. ఈ స్థలానికి మనుషులను కట్టిపడేసే శక్తి ఉన్నదనడానికి అతడే నిదర్శనం. ఒక్కడినే ఇంతగా నిలుపుకున్న ఊరు, రోడ్డు ఉంటే ఎందరిని నిలుపుకోగలదో గౌరవ సభ్యులు ఊహించగలరు.”

ఎలా ఉంది? చదువుతుంటే నాకే ఒళ్ళు పొంగింది. అతని పేరు రాసి పంపు, చేసే పని కూడా. అతన్ని కాస్త మంచిగా చూసుకోమని అక్కకి చెప్పు. సాక్ష్యం అయ్యేదాకా అతను కదలకుండా చూసుకో బావా, నీకు దణ్ణం పెడతా!

నేను రావడం సాక్ష్యం అయ్యాకే. సెలవు మొత్తం దానికే దాచాను. అప్పటిదాకా మీ చుట్టాన్ని నా బదులు నువ్వే చూడు.

భూతద్దం


జూలై 7

భూతద్దానికి,

నీ ఉత్తరం మీ అక్కకి పైకి చదివి వినిపించాను. నువ్వు రాసిన పేరా దగ్గర నాకు నవ్వాగలేదు. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే ఇంకేదో వచ్చింది. మీ అక్క నన్నే చూసి, “ఇప్పటికైనా వాడికి సరిగ్గా రాయండి” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తున్నాయి. కోపం కాదు అది, నాకు తెలుసు.

సరిగ్గా రాద్దామనే కూర్చున్నాను. రెండు కాగితాలు చించాను. మాటలు రావడం లేదు, అందుకని వాతావరణం రాస్తున్నాను. మబ్బు పట్టింది. వసారాలోంచి చూస్తే జలపాతం కనపడదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఇన్నేళ్ళూ చుట్టాలకి చూపించడమే తప్ప, నేను తీరిగ్గా కూర్చుని విన్నది ఇప్పుడే.

ఆ పేరా అలాగే ఉంచు. ఒక్క అక్షరం మార్చకు. వాడివల్ల ఇంతవరకు ఎవరికీ పైసా ఉపయోగం లేదు, వీధికి రోడ్డు తెచ్చిపెడితే తెచ్చిపెట్టనీ. పేరు కాంపౌండరు చెప్పాడు గానీ నాకు నోరు తిరగలేదు. పనంటావా, తినడమే. కమిటీ వాళ్ళు ఏదైనా అడిగితే, ఆ చుట్టాన్ని కిందికి పంపాలన్నా రోడ్డు కావాలండీ అని చెప్పు.

కోటు నాది పంపిస్తున్నాను, పోస్టుమాన్ మోస్తానన్నాడు. నాకిప్పుడు వదులైంది. నీకు సరిపోతుంది.

ధైర్యంగా చదువు. నీళ్ళు తాగి మొదలుపెట్టు.

నీ బావ


జూలై 18, సాయంత్రం

బావా,

నీ కోటు తొడుక్కునే వెళ్ళాను. భుజాల దగ్గర నాకే వదులుగా ఉంది. నాకంటే భారీ మనిషివి, ఈ కోటు నీకు వదులైందని ఎందుకు రాశావో అప్పుడైనా ఆగి ఆలోచించలేదు.

పొడుగు బల్ల వెనక వరసగా కూర్చున్నారు. నీళ్ళు తాగి మొదలుపెట్టాను. ఉన్ని ఉండ దగ్గర నవ్వారు. దుప్పట్లాయన దగ్గర ఒకాయన తల దించుకున్నాడు. మూడో గది చుట్టం దగ్గరకొచ్చేసరికి అందరూ ముందుకి వంగి విన్నారు. ఒకాయన “ఇంకా ఉన్నాడా?” అన్నాడు. “ఉన్నాడండీ, ఖాళీ చేసేలా లేడు” అన్నాను. గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. నేనూ నవ్వాను బావా.

చివర్న కూర్చున్న ముసలి సభ్యురాలు ఒక్కావిడ నవ్వలేదు. “లాడ్జీ ఆయన ఏమని రాశారో ఆయన మాటల్లో వినాలనుంది” అంది. నీ జూన్ ఉత్తరం జేబులోనే ఉంది. తీసి చదివాను. గొంతెత్తి చదివితే మన మాట మన చెవిన కూడా పడుతుందిగా. “నేను తినాల్సింది వాడు తినేస్తున్నాడు. తాను నిద్రపోడు, నన్ను పోనివ్వడు.” కాంపౌండరు దగ్గరకొచ్చాను. కాంపౌండరు లాడ్జీలో దిగినవాణ్ని ఎందుకు చూస్తాడు? మిగతా ఉత్తరాల కోసం జేబులు తడుముకున్నాను. కళ్ళజోడు కోసం వెతుక్కుంటున్నాననుకున్నారు వాళ్ళు. అధ్యక్షుడు “చాలు బాబూ, బాగా చెప్పారు” అన్నాడు. బయట వరండాలో ఆ ముసలావిడ నా దగ్గరకొచ్చి, “మీ బావగారికి ఎన్నాళ్ళుగా బావుండలేదు?” అంది. నాకు తెలీదని చెప్పాల్సొచ్చింది.

అన్ని ఉత్తరాలు రాశావు. అన్నిట్లోనూ చెప్పావు. అక్షరం అక్షరం చదివాను, ఒక్క తప్పు కూడా వదల్లేదు. నా చదువు తగలబడ!

రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాను. బస్సు ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా వచ్చి, ఆపైన పోస్టుమాన్ దారిలో నడుస్తాను. ఇక్కడ పెద్ద డాక్టరుతో మాట్లాడాను. డోలీ కట్టించి దింపుదాం. మనుషులు దొరక్కపోతే నేనే మోస్తాను. ఈ టపా నాకంటే ముందు చేరితే, భూతద్దం వచ్చేదాకా ఎక్కడికీ వెళ్ళకూడదని నీకు నువ్వు చెప్పుకో.

బావా, ఉండు.


జూలై 19

భూతద్దం,

ఈసారి చేతిరాత బావుందేమిటా అని ఆశ్చర్యపోకు, మీ అక్కది. నేను చెప్తున్నాను, ఆవిడ రాస్తోంది. పెళ్ళయ్యాక నేను చెప్పింది ఆవిడ చేయడం ఇదే మొదలు. (తమ్ముడూ, ఇది కూడా రాయమన్నారు.)

నిన్న నువ్వు చదివే వేళకి వీధి వీధంతా మన హాల్లో కూర్చుంది, ఇక్కడికేదో వినపడబోతున్నట్టు. టోపీలామె, వాళ్ళ అత్త ఒకే బెంచీ మీద కూర్చున్నారు. నువ్వు బాగా చెప్పి ఉంటావు. నాకు అనుమానం లేదు.

ఇంక నవ్వులాట చాలు. నిన్నటితో నీ పని అయింది కాబట్టి ఇప్పుడు సూటిగా చెప్తాను, అక్షరాలు వదిలేసి విను. మూడో గదిలో ఉన్న చుట్టం

తమ్ముడూ, ఇక్కడిదాకా చెప్పి, “ఉండవే, కాస్త ఊపిరి తీసుకోనీ” అన్నారు. నేను కలం పట్టుకుని కూర్చున్నాను. వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. తర్వాతి మాట చెబుతారని చాలాసేపు చూశాను. పిలిచాను. తట్టాను.

ఆ వాక్యం నేనే పూర్తి చేస్తున్నాను. ఆ చుట్టం గది ఖాళీ చేశాడు. పోతూ పోతూ మీ బావని కూడా వెంటబెట్టుకుపోయాడు.

పోస్టుమాన్ గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు. ఇది అతనికిస్తున్నాను. నువ్వు రా.

అక్క


అక్టోబర్ 9

అక్కా,

రాజధాని చేరాను. మందులు వేసుకుంటున్నావా? చలికి ఆ వసారాలో కూర్చోవద్దు.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజు జారుడు సగం దాటాక పోస్టుమాన్ ఎదురొచ్చాడు. నేను పైకి, అతను కిందికి. నన్ను చూసి, సంచీలోంచి నీ ఉత్తరం తీసి చేతిలో పెట్టాడు. ఆ రాళ్ళ మధ్యే నిలబడి చదివాను. ఇంకొక్క రోజు ముందు బయల్దేరి ఉంటే అన్న మాట నన్ను వదలడం లేదు. నాతో ఎందుకు దాచావే? ఆయనంటే సరదా మనిషి. నువ్వైనా ఒక్క ముక్క రాయకూడదా?

కమిటీ నివేదిక అచ్చుకి వచ్చింది. ఎక్కడికనుకున్నావు, మా ప్రెస్సుకే. నా బల్ల మీదకే. రోడ్డు వేయమని రాశారు. అందుకు చూపించిన కారణాల్లో మొదటిది “మూడో గదిలో బస చేసిన చుట్టం”. పేరా మొత్తం నేను రాసిందే. అందులో నిజం లేదని మా ప్రెస్సులో నాకొక్కడికే తెలుసు. ఎర్ర కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒక్క అక్షరం మార్చకు అని ఆయన రాసింది గుర్తొచ్చింది. సంతకం పెట్టి పంపేశాను. తప్పు చేశానంటావా?

తమ్ముడు


మార్చి 2

తమ్ముడికి,

నువ్వు అడిగినదానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. రాసే ఓపిక లేక కాదు, కోపం తగ్గక. నీ మీద కాదు. నేను రాస్తే నువ్వు అన్నీ వదిలేసి వచ్చేస్తావని మీ బావకి తెలుసు. “వాడొస్తే నాకు రెండు రోజులు బావుంటుంది, వీధికి మాత్రం ఎప్పటికీ బావుండదు” అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. అలాంటి ఒట్టు ఎందుకు వేశానా అని నేనూ ఏడుస్తూనే ఉన్నాను. ఆ కాగితం నువ్వు దిద్దకపోవడమే మంచిదైంది. ఆయన మాట ఉండిపోయింది.

నిన్న బస్సు వచ్చింది. జీపు పెద్దాయన పెద్ద మలుపు దగ్గర్నుంచి హారన్ కొడుతూనే ఉన్నాడు. కర్రలాయన పొయ్యిలో పెట్టకుండా మిగిల్చినవి నాలుగు కర్రలుంటే నాలుగూ అమ్మాడు. నీకు చెబితే నమ్మవు, టోపీలామె వాళ్ళ అత్తని “అత్తయ్యా, ఉన్ని” అని పిలిచింది.

మనకి ఇద్దరు చుట్టాలు దిగారు, పెద్దవాళ్ళు, మొగుడూ పెళ్ళాం. ఆవిడ మెట్లెక్కలేదు. మూడో గదే ఇచ్చాను. తాళం నేనే తీశాను. దుప్పట్లాయన ఆ మంచం మీద తనే దుప్పటి పరిచి వెళ్ళాడు.

పెద్దాయన రిజిస్టర్లో సంతకం పెడుతూ, “ఎప్పుడో ఒకసారి వచ్చామమ్మా. అప్పుడు ఇక్కడ బాగా నవ్వించే ఆయన ఉండేవారు, లేరా?” అన్నాడు.

కిందికి వెళ్ళారన్నాను. రోడ్డుంది కదా, నమ్మాడు.

అక్క